చొక్కా విప్పిన చోట

మంత్రాలయం మఠంలో దర్శనానికి పోవాలంటే మగవాళ్లు చొక్కా, బనియన్ విప్పాల్సిందే. ఆ కట్టుబాటే లేకపోతే నాయన ఎడమ రొమ్ము మీది ఎరుపు నా కంటబడేది కాదు.

2018 ఆగస్టు చివర, రాఘవేంద్రస్వామి 347వ ఆరాధన రోజులు. ఎమ్మిగనూరు నుంచి పొద్దున్నే బస్సులో వచ్చినాం. లైన్లో నాయన మాటిమాటికీ టవల్‌ను ఎడమ భుజం మీదికి లాక్కుంటున్నాడు. ఒకసారి చెమట తుడుచుకోబోయి పక్కకు తీశాడు. పేస్‌మేకర్ డబ్బా ఉబ్బెత్తుగా కనబడే చోట, రూపాయి బిళ్లంత మేర చర్మం ఎర్రబడి, పలచబడి, నిగనిగలాడుతోంది.

"ఎన్ని దినాలైంది నాయనా ఇది?"

"ఉక్కకు పొక్కింది లేరా. మగ్గం ముందర కూచుంటే ఆ డబ్బా ఒరుసుకుంటాది."

చెయ్యి పెట్టి చూస్తే వేడిగా ఉంది.

మొదటి డబ్బా తొమ్మిదేళ్లు ఏ పేచీ లేకుండా పనిచేసింది. బ్యాటరీ అయిపోవడంతో ఆ మార్చిలో డబ్బా ఒక్కటే మార్చారు, లోపలి తీగలు పాతవే. కుట్లున్నప్పుడూ కొంచెం ఎర్రబడింది. అది ప్లాస్టర్ పడక వచ్చింది. సరిగ్గా ప్లాస్టర్ ఆకారంలోనే ఉండి వారానికి పోయింది. ఇదీ అంతేననుకున్నాం.

అమ్మ మఠంలో ఇచ్చిన మృత్తికను నీళ్లలో రంగరించి పూసింది. నేను వద్దనలేదు. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు మాత్రలిచ్చాడు. ఐదు రోజులకు ఎరుపు తగ్గింది. అదే మమ్మల్ని ముంచింది. మాత్రలాపిన పదోరోజుకు వాపుతో సహా తిరిగొచ్చింది. "సూదేసి చీము లాగేస్తా" అన్నాడాయన. నాయన బల్ల మీద పడుకోబోయాడు కూడా. నాకెందుకో మనసొప్పక లేపుకొని వచ్చేశా.

కర్నూలులో గుండె డాక్టరు చూస్తూనే అడిగిన మాట: "ఎవరైనా సూది గుచ్చారా?" లేదంటే ఊపిరి పీల్చుకున్నాడు. సూదితో బయటి క్రిములు కూడా లోపలికి పోతాయట. ముందు రక్తం తీసి కల్చర్‌కు పంపించి, తర్వాతే యాంటీబయాటిక్ మొదలుపెట్టించాడు.

"చర్మం మీది రోగం కాదిది. తుంగభద్ర మెట్ల మీద పాచి చూసుంటారు గదా, డబ్బా మీద, తీగల మీద క్రిములు అట్లా అంటుకుంటాయి. మందు పైపైన తగ్గిస్తుందే గానీ ఆ పాచి అడుగుకు చేరదు. మొత్తం తీసేయాల్సిందే."

డబ్బా తీయడం తేలికే. తొమ్మిదేళ్ల తీగలు నరం గోడకు, గుండె లోపలికి కరుచుకుపోయి ఉంటాయి. వాటిని విడదీసి లాగడం అందరికీ చేతనైన పని కాదు. హైదరాబాదు పోయినాం. అన్నీ తీసేసి, బయటి నుంచి తాత్కాలికంగా గుండెను నడిపించారు. రక్తంలో క్రిముల్లేవని తేలాక కుడివైపు కొత్తది పెట్టారు.

ఆసుపత్రిలో పొద్దుపోక చెప్పాను: 1958లో స్వీడన్‌లో లోకంలోకెల్లా మొదట ఈ డబ్బా పెట్టించుకున్న ఆర్నె లార్సన్ ఇరవైకి పైగా డబ్బాలు మార్చుకుంటూ 2001 దాకా బతికాడని.

"నేను మూడింటికే అలిసిపోతి" అన్నాడు నాయన.

మరుసటి ఏడు ఆరాధనకు మళ్లీ అదే లైను. చొక్కాతో పాటు టవల్ కూడా నా చేతికిచ్చి, అడక్కముందే కుడి రొమ్ము నావైపు తిప్పాడు.

"ఎర్రగా లేదు గదా?"

"లేదు నాయనా."

"అయితే పా, లైను కదిలింది."