స్విచ్ కోసం పార్క్‌లేన్‌కు.. పాట కోసం కోఠీకి

సికింద్రాబాద్‌లో ‘చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎక్కడ?’ అని అడిగితే ఆటో అన్న కాసేపు ఆలోచిస్తాడు. ‘సీటీసీ’ అంటే చాలు, పార్క్‌లేన్‌లో గేటు ముందు దింపేస్తాడు. హైదరాబాద్‌లో బీటెక్ చేసినవాళ్లలో ఇక్కడికి ఒక్కసారైనా రానివాళ్లు తక్కువ. నా మొదటి ల్యాప్‌టాప్ ఇక్కడే కొన్నాను. ఆ రోజు నాన్న నా పక్కన నిలబడి జేబులో డబ్బులు మూడుసార్లు లెక్కపెట్టుకోవడం ఇంకా గుర్తుంది.

ఈ మధ్య ఒక శనివారం మళ్లీ వెళ్లాను. ఈసారి వెళ్లింది నాన్న కోసం. కొనాల్సింది నెట్‌వర్క్ స్విచ్. అదీ ఎందుకంటే.. ఇంట్లో పాట బాగా వినపడటానికి! నవ్వకండి. మొత్తం చదివాక నవ్వొచ్చు.

మాటలు తెలుస్తలేవు..

నాన్న సూర్యాపేట డిపోలో 31 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపాడు. రిటైరయ్యాక అమ్మా నాన్నా నాగోల్‌లో నా దగ్గరే ఉంటున్నారు. టీ, పాట.. ఈ రెండూ ఉంటే నాన్నకు ఇంకేమీ అక్కర్లేదు. అందులోనూ ఘంటసాల, సుశీల అయితే అన్నం సంగతి కూడా మర్చిపోతాడు. ఊళ్లో ఉన్న పాత టేప్‌రికార్డర్ పాడైపోయింది. అందుకని హాల్లో ఒక చిన్న స్ట్రీమింగ్ ప్లేయర్, కోఠీలో కొన్న సెకండ్‌హ్యాండ్ యాంప్లిఫయర్, రెండు స్పీకర్లు పెట్టాను.

వారం తిరక్కముందే ఫిర్యాదు మొదలైంది. “పాట వస్తుంది గానీ మాటలు తెలుస్తలేవురా. గజ్జెల సప్పుడే లేదు. జర వాల్యూం పెంచు. మన టేప్‌రికార్డరే నయముండె.”

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. ఏదైనా సరిగ్గా పనిచేయట్లేదంటే ముందు నెట్‌వర్క్‌నే అనుమానిస్తాను. నిజంగానే అక్కడ తప్పుంది కూడా. రౌటర్ బెడ్‌రూంలో, ప్లేయర్ హాల్లో, మధ్యలో రెండు గోడలు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో అపార్ట్‌మెంట్‌లోని వైఫైలన్నీ తోసుకుంటూ ఉంటాయి. సాయంత్రం అందరూ ఇళ్లకు చేరగానే పాట ఆగి ఆగి వచ్చేది. అమ్మ మైక్రోవేవ్ ఆన్ చేస్తే ఇంకా ఘోరం. అదీ దాదాపు అదే ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుంది మరి. పైగా యాప్‌లో క్వాలిటీ ‘ఆటోమేటిక్’లో ఉంది. సిగ్నల్ తగ్గినప్పుడల్లా అది చెప్పాపెట్టకుండా తక్కువ క్వాలిటీకి దిగిపోయేది.

రౌటర్ నుంచి హాల్‌కు కేబుల్ లాగాను. యాప్‌ని లాస్‌లెస్‌కు మార్చాను. పాట ఆగడం పోయింది. నాన్న మాట మాత్రం మారలేదు.. “మాటలు తెలుస్తలేవు.”

అప్పుడే ఆఫీసులో ఒక మిత్రుడు ‘ఆడియోఫైల్ స్విచ్’ గురించి చెప్పాడు. మామూలు స్విచ్‌లాంటిదే. కానీ లోపల మంచి క్లాక్, శుభ్రమైన పవర్ సప్లై ఉంటాయట. అది పెట్టాక గాయకుడు ఎదురుగా నిలబడి పాడినట్టు ఉందన్నాడు. నేను చూసినదాని ధర 45 వేలు. నాన్నకు వచ్చే పెన్షన్ ఏడాదంతా కలిపితే దాదాపు అంతే. అయినా కొందామనే అనుకున్నాను.

సీటీసీలో షాపాయన నా మాట పూర్తిగా విని, ఐదు పోర్టుల మామూలు గిగాబిట్ స్విచ్ కౌంటర్ మీద పెట్టాడు. “పాటకేనా సార్? 1,200. ఇది చాలు. మీరు చెప్పేది నా దగ్గర లేదు. ఉన్నా మీకు అమ్మేవాణ్ని కాదు.” బేరం కూడా ఆడకుండా కొనేశాను.

మెట్రోలో ఒక ప్రయోగం

పరేడ్ గ్రౌండ్ దగ్గర గ్రీన్ లైన్ ఎక్కాను. గాంధీ హాస్పిటల్, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా సుల్తాన్ బజార్ వెళ్తుంది. అక్కణ్నుంచి కోఠీకి నడక.

మెట్రోలో కూర్చుని ఒక పని చేశాను. మీరూ ఇప్పుడే చేసి చూడొచ్చు. ఫోన్‌లో పాట పెట్టండి. అర నిమిషం ఆగి ఫ్లైట్ మోడ్ ఆన్ చేయండి. పాట వెంటనే ఆగదు. కాసేపు, ఒక్కోసారి మొత్తం పాట అయ్యేదాకా వస్తూనే ఉంటుంది. ఎందుకంటే మీరు వింటున్నది నెట్‌వర్క్‌లోంచి నేరుగా వచ్చే పాట కాదు. ముందే వచ్చి ఫోన్ మెమరీలో చేరిన పాట. దీన్నే బఫర్ అంటాం. నెట్‌వర్కే లేనప్పుడు, దాని దారిలో ఉన్న స్విచ్ పాట రుచిని ఎలా మారుస్తుంది?

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. పాట చిన్న చిన్న ప్యాకెట్లుగా వస్తుంది. ఈథర్నెట్‌లో ప్రతి ముక్క చివర 32 బిట్ల చెక్ ఉంటుంది. దారిలో ముక్క చెడిపోతే లెక్క తప్పుతుంది, దాన్ని పారేస్తారు. పైనున్న టీసీపీ ‘ఆ ముక్క మళ్లీ పంపు’ అని అడిగి తెప్పిస్తుంది. అంటే వస్తే ఉన్నదున్నట్టు వస్తుంది, లేకపోతే ఆగిపోతుంది. పాత టీవీ యాంటెనాలాగా సగం బొమ్మ, సగం చుక్కలు అనే మధ్యరకం ఇక్కడ ఉండదు.

నాన్న భాషలో చెప్పాలంటే, ఇది బస్సులో వేసిన పచ్చడి సీసా. గుంతల రోడ్డు మీద వచ్చినా, కొత్త హైవే మీద వచ్చినా సీసా పగలకపోతే పచ్చడి రుచి మారదు. బస్సు లేటయితే భోజనం లేటవుతుంది, అంతే.

ఇక బరువు చూస్తారా? సీడీ క్వాలిటీ పాటకు సెకనుకు 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానెళ్లు. మొత్తం 1.4 మెగాబిట్లు. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ హైరెజ్ పాటను అసలు కుదించకుండా పంపినా 9.2 మెగాబిట్లే. నా సంచిలో ఉన్న 1,200 రూపాయల డబ్బా సెకనుకు 1,000 మెగాబిట్లు మోస్తుంది.

మరి మంచి క్లాక్ సంగతి? ప్యాకెట్లు ముందూ వెనకా రావడం మామూలే. వాటిని బఫర్‌లో పోసుకుని, డిజిటల్ అంకెల్ని శబ్దంగా మార్చే చిప్.. అంటే డాక్.. తన దగ్గరున్న క్లాక్ ప్రకారం తీసుకుంటుంది. స్విచ్‌లోని క్లాక్‌కు అక్కడ పనే లేదు.

గుజరాతీ గల్లీ పాఠం

కోఠీ అంటే నాకు ఫుట్‌పాత్ మీద పరిచిన సెకండ్‌హ్యాండ్ ఇంజినీరింగ్ పుస్తకాలు. నాలుగేళ్ల బీటెక్ వాటితోనే గట్టెక్కాను. ఈ పేటకు ఆ పేరు తెచ్చింది పాత బ్రిటిష్ రెసిడెన్సీ కోఠీ. 1857 జులైలో దాని మీద దాడికి నాయకత్వం వహించిన తుర్రేబాజ్ ఖాన్ పేరుతో ఇక్కడ రోడ్డు కూడా ఉంది. దగ్గర్లోనే గుజరాతీ గల్లీ. స్పీకర్ కోన్లు, కెపాసిటర్లు, గజాల లెక్కన వైర్లు, మైకులు, రిమోట్లు.. శబ్దానికి సంబంధించి దొరకని వస్తువు ఉండదు.

నాకు యాంప్లిఫయర్ అమ్మిన పెద్దాయన దగ్గరికెళ్లి విషయం చెప్పాను. డిగ్రీ ఉన్న నాకంటే ఆయనే సరైన ప్రశ్న అడిగాడు. “పాట ఆపినప్పుడు స్పీకర్‌లో ‘గుంయ్’మని వస్తోందా?”

నెట్‌వర్క్ తీగ పాటను మార్చలేకపోయినా, కరెంటు చెత్తను మోసుకురాగలదు. నాసిరకం అడాప్టర్ల నాయిస్, రెండు పరికరాల ఎర్తింగ్ తేడా.. ఇవి పైన లోహపు తొడుగున్న కేబుల్ ద్వారా యాంప్లిఫయర్ దాకా వచ్చి హమ్ కావొచ్చు. అయితే ఈథర్నెట్ పోర్టుల్లో దీన్ని అడ్డుకునే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. తొడుగు లేని మామూలు కేబుల్ వాడితే సమస్య దాదాపు రాదు. పరీక్ష కూడా తేలికే. పాట ఆపి, వాల్యూం పెంచి, స్పీకర్‌కు చెవి పెట్టండి. హమ్ ఉంటే నెట్‌వర్క్ కేబుల్ పీకండి. ఆగితే దోషి అదే, కేబుల్ మార్చండి. ఆగకపోతే వేరేచోట వెతకండి. వైఫై రౌటర్‌ను యాంప్లిఫయర్ మీద మాత్రం పెట్టొద్దన్నాడు పెద్దాయన.

మా ఇంట్లో కేబుల్ మామూలుదే. హమ్ లేదు.

బొమ్మా? బొరుసా?

అయినా మనసు ఒప్పుకోలేదు. మిత్రుణ్ని అడిగితే తన ఖరీదైన స్విచ్ పట్టుకుని ఆదివారం ఇంటికే వచ్చాడు. ముందు ల్యాప్‌టాప్ నుంచి ఒకే పాట ఫైల్‌ను రెండు స్విచ్‌ల గుండా పంపి, రెండు కాపీలకు హ్యాష్ తీశాను. ఫైల్‌కు అది వేలిముద్ర లాంటిది. ఒక్క బిట్ తేడా ఉన్నా మారిపోతుంది. రెండూ చివరి అక్షరం దాకా ఒకటే.

“బిట్లు సరే, చెవి సంగతేంటి?” అన్నాడు మిత్రుడు. న్యాయమైన ప్రశ్నే. కర్టెన్ వెనక రెండు స్విచ్‌లు పెట్టి, అక్క కూతుర్ని కూర్చోబెట్టాం. దానికి తొమ్మిదేళ్లు. బొమ్మ పడితే ఖరీదైనది, బొరుసు పడితే నాది. కేబుల్ మార్చేది అదే, రాసుకునేదీ అదే. ఒక్కొక్కరికి పదిసార్లు. ఊరికే ఊహించి చెప్పినా ఐదారు ఒప్పవుతాయి. తొమ్మిదో, పదో ఒప్పయితే అది గాలివాటం అయ్యే అవకాశం నూటికి ఒకటే.

నాకు ఆరు, మిత్రుడికి నాలుగు. వాడు నిజాయతీపరుడు. “నా డబ్బుకు వేరే పని చూసుకోవాల్సింది” అని నవ్వేశాడు.

తర్వాత నాన్న వంతు. నాలుగో పాటకే కర్టెన్ వెనక నుంచి పిల్ల విసుక్కుంది. “మామా, ఏ డబ్బా పెట్టినా గజ్జెలు ఒక్కతీరే మోగుతున్నాయి కదా!”

నాన్న తల తిప్పి చూశాడు. “ఏ గజ్జెలు బిడ్డా?”

హాల్లో పాట వస్తూనే ఉంది. గజ్జెలు మా అందరికీ వినపడుతున్నాయి.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. టీవీ సౌండ్ గురించి పక్క ఫ్లాటు వాళ్లు చెప్పిన మాట. ఫోన్ చేస్తే ‘ఆఁ.. ఆఁ’ అని అమ్మకు ఇచ్చేయడం. కుక్కర్ విజిల్ వచ్చినా కదలకపోవడం. నాన్నకు వయసొచ్చి పరధ్యానం ఎక్కువైందని నేనే సర్దిచెప్పుకున్నాను. నెలరోజులుగా రౌటర్ లాగ్‌లు చదివినవాణ్ని, ఇంట్లో మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు.

మళ్లీ కోఠీకే

ఆ వారం నాన్నను తీసుకుని కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రికి వెళ్లాను. గుజరాతీ గల్లీ నుంచి నడిచి వెళ్లే దూరమే. ఇన్నాళ్లూ దాని ముందు నుంచే స్పీకర్లు మోసుకెళ్లాను.

చిన్న నిశ్శబ్దపు గదిలో నాన్నకు హెడ్‌ఫోన్స్ పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. శబ్దం వినపడితే నొక్కాలి. 250 హెర్ట్జ్ నుంచి 8,000 దాకా. అద్దంలోంచి చూస్తున్నాను. మొదట్లో చకచకా నొక్కాడు. తర్వాత వేలు బటన్ మీదే ఆగిపోయింది. ముఖంలో ఏదో తప్పు చేసినట్టు కంగారు. గ్రాఫ్‌లో గీత 2,000 దాటాక కిందికి జారిపోయింది.

వయసుతో ముందు పోయేది సన్నటి శబ్దాలేనని డాక్టర్ చెప్పారు. ఏళ్ల తరబడి ఇంజిన్ హోరు తోడైతే ఇంకా త్వరగా పోతాయి. ‘అ, ఓ’ లాంటి అచ్చులు కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి కాబట్టి గొంతు వినపడుతుంది. ‘స, శ, త, ఫ’ లాంటివి పైన ఉంటాయి కాబట్టి మాట తెలియదు. నాన్న మొదటి రోజే సరిగ్గా చెప్పాడు. పాట వస్తుంది గానీ మాటలు తెలుస్తలేవని. టేప్‌రికార్డర్ నయం కాదు, దాన్ని విన్నప్పటి చెవులు నయం.

స్విచ్ కోసం పక్కన పెట్టిన డబ్బు హియరింగ్ ఎయిడ్‌కు పెట్టాను. మొదటి వారం నాన్న రోజూ తిట్టాడు. గిన్నెల చప్పుడు ఎక్కువైందన్నాడు, ఫ్యాన్ గోల పెడుతోందన్నాడు. అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుందని ఆస్పత్రిలో ముందే చెప్పారు.

1,200 రూపాయల స్విచ్ టీవీ వెనక దుమ్ము పట్టి, లైట్లు మిణుకుమంటూ పనిచేసుకుంటోంది. నిన్న సాయంత్రం నాన్నకు ఇష్టమైన పాట పెట్టి, అలవాటు ప్రకారం సౌండ్ పెంచి కిచెన్‌లోకి వెళ్లాను. వెనక నుంచి కేకేశాడు.

“అంత సౌండ్ ఎందుకురా? జర వాల్యూం తగ్గియ్యి.”