నీళ్లు తాగే బ్యాటరీ

జీపుకు బ్యాటరీలు మార్చుకోవడం గురించి ఈ పత్రికలో రాయవలసినంత ఏముందని మీలో కొందరు అనుకోవచ్చు. మేమూ ఒకప్పుడు దాన్ని మెకానిక్కు చూసుకొనే పనిగానే ఎంచాం. 1997 డిసెంబరులో ఒక రాత్రి మా ఆలోచన మారింది. ఆ సంగతి దాచకుండా చెబుతాం. మీ ఇంట్లో ఏ పాత బండి ఉన్నా, దాని మీద ఎవరి ప్రాణమైనా ఆధారపడి ఉన్నా, ఇది మీకు కొంత ఉపయోగపడుతుందని మా ఆశ.

అప్పట్లో మేము పాడేరులో కాపురం ఉన్నాం. మాలో ఒకరు నర్సు, ఒకరు బడిపంతులు. పాడేరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్య పట్టణం. 2022 ఏప్రిల్‌లో ఆ జిల్లా ఏర్పడేవరకు అది విశాఖపట్నం జిల్లాలోని ఏజెన్సీ ఊరు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. మాడుగుల దాటి, గరికబంద మీదుగా ఘాట్ ఎక్కి, వంట్లమామిడి, మినుములూరు కాఫీతోటలు దాటితే పాడేరు వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మంచు ఎంత దట్టంగా కురుస్తుందంటే, ఎదురింటి గుమ్మం కూడా కనబడదు. 108 అంబులెన్సులు 2005లో గాని రాలేదు. అంతకుముందు కొండల మీది గూడేల్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చి, అక్కడినుంచి ఏ బండి దొరికితే అందులో తెచ్చేవారు.

మాకు ఒక పాత జీపు ఉండేది. ఒకప్పుడు సైన్యంలో పనిచేసి వేలానికి వచ్చిన బండి అది. మాకంటే ముందు కొన్నవారు దానికి డీజిల్ ఇంజన్ వేయించారు గాని, కరెంటు పనంతా సైన్యంవారి 24 వోల్టుల పద్ధతిలోనే ఉంచేశారు. అందుచేత దానికి రెండు బ్యాటరీలు. ఒక్కొక్కటి 12 వోల్టులు. ఒకదాని ప్లస్సును రెండోదాని మైనస్సుకు కలిపితే రెండింటి బలం కూడి 24 అవుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు రెండింటిలోనూ ఒకే కరెంటు పారుతుంది. ఒకటి బాగుండి ఒకటి బాగుండకపోతే బండి కదలదు.

గూడేల్లో క్రిస్మస్ కూటాలు జరిగినప్పుడు మైకుసెట్టుకు, రెండు దీపాలకు కరెంటు కావాలి. అవి 12 వోల్టులవి. అందుకని మేమే ఒక పచ్చతీగ తెచ్చి, బాడీకి ఎర్త్ అయిన బ్యాటరీ ప్లస్సు నుంచి నేరుగా తీసుకొన్నాం. ఎంత సులువుగా అయిపోయిందని సంతోషించాం కూడా. రెండేళ్లపాటు ఆ తీగే మా కూటాలన్నిటికీ వెలుగు ఇచ్చింది.

1997 వేసవి దాటేసరికి ఒక వింత మొదలైంది. రెండు బ్యాటరీలలో ఒకటి నీళ్లు తాగడం మొదలుపెట్టింది. వారానికొకసారి మూతలు విప్పి చూస్తే ప్లేట్లు పైకి తేలి కనబడేవి. డిస్టిల్డ్ వాటర్ పోసేవాళ్లం. మళ్లీ వారానికి అదే తంతు. రెండోదానిలో మాత్రం నీళ్లు పోసినవి పోసినట్టే ఉండేవి. నీళ్లు తాగేది చెడ్డది, తాగనిది మంచిది అని మేము తీర్మానించుకొన్నాం. బ్యాటరీ ధర మా జీతంలో పెద్ద ముక్క గనుక రెండూ కొనే ఆలోచనే చేయలేదు. నీళ్లు తాగేదాన్ని తీసేసి, దాని చోట కొత్తది ఒక్కటే పెట్టించాం. రెండు నెలలు తిరిగేసరికి ఆ కొత్తది కూడా నీళ్లు తాగసాగింది. అమ్మినవారు మోసం చేశారని మనసులో తిట్టుకొన్నాం. దేవుడు మమ్మల్ని క్షమించుగాక, వారి తప్పేమీ లేదు.

డిసెంబరు 23వ తేదీ రాత్రి హుకుంపేట వైపు ఒక గూడెంలో కూటం జరిగింది. నాలుగు గంటలపాటు మైకు, దీపాలు వెలిగాయి. తిరిగి బయలుదేరేటప్పుడు సెల్ఫ్ నీరసంగా మూలిగింది. ఏటవాలు ఉంది గనుక బండిని దొర్లించి స్టార్ట్ చేసుకొని ఇంటికి వచ్చాం. తెల్లవారాక చూద్దాంలే అనుకొని పడుకొన్నాం.

మూడు గంటలకు ఎవరో తలుపు కొట్టారు. కొండ మీది గూడెం నుంచి ఇద్దరు మనుషులు నడిచి వచ్చారు. ఒక ఆమెకు రెండు రోజులుగా నొప్పులు, బిడ్డ బయటికి రావడంలేదు, డోలీలో రోడ్డు దాకా దింపారు, బండి కావాలి అన్నారు. వచ్చినవారిలో ఒకరు ఆమె భర్తే. మేము కోట్లు తొడుక్కొని పరుగెత్తి సెల్ఫ్ కొట్టాం. టక్కుమని ఒక్క చప్పుడు, అంతే.

డీజిల్ ఇంజన్‌కు పెట్రోలు బండిలాగా నిప్పురవ్వ ఉండదు. లోపలి గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండాలి. అందుకు ఇంజన్ చురుకుగా తిరగాలి. చలికి ఇంజన్ ఆయిలు చిక్కబడి ఎక్కువ బలం అడుగుతుంది, అదే చలికి బ్యాటరీ ఇచ్చే బలం తగ్గుతుంది. మా ఇంటి ముందు నేల చదును. ఇరుగుపొరుగువారిని లేపి, ఆ భర్తతో సహా ఎనిమిదిమంది జీపును వాలు దాకా తోసుకొంటూ పోయాం. రెండుసార్లు దొర్లించినా అందుకోలేదు, మళ్లీ వెనక్కి తోశాం. మూడోసారి పొగ కక్కుతూ అందుకొంది. గడియారం చూస్తే గంట దాటిపోయింది.

ఆమెను ఆస్పత్రికి చేర్చాం. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

రెండు రోజుల నొప్పులతో బిడ్డ అప్పటికే అలసిపోయి ఉంటుందని, ఒక గంట ముందు వచ్చినా ఫలితం మారేదని చెప్పలేమని డాక్టరుగారు అన్నారు. అది నిజమే కావచ్చు. ఆ మాట పట్టుకొని నిద్రపోవాలని చాలా రాత్రులు ప్రయత్నించాం. కాని ఆ గంట మాది. దాన్ని మేము ఇంకెవరి ఖాతాలోనూ వేయలేకపోయాం.

పండుగ అయిన తరువాత మా వీధిలో ఉండే ఒక పెద్దాయన్ని పిలుచుకొచ్చాం. సైన్యంలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, మేము బాబాయ్ అని పిలిచేవాళ్లం. ఆయన హైడ్రోమీటరు, చిన్న మీటరు తెచ్చారు. నీళ్లు తాగే కొత్త బ్యాటరీలో ఆమ్లం చిక్కదనం ప్రతి సెల్లులోనూ 1.260 చూపించింది, అంటే నిండా చార్జి అయి ఉంది. మేము మంచిదనుకొన్న పాతదానిలో 1.170 దాటలేదు. ఆ పాతది 12 వోల్టులు కూడా చూపడంలేదు. ఆరు సెల్లులు, ఒక్కొక్కటి 2.1 వోల్టుల చొప్పున, నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 దాకా చూపించాలి. బాబాయ్ ఏమీ మాట్లాడకుండా మా పచ్చతీగను వేలితో పైకెత్తారు.

“ఇదేటి నాయనా, ఇది ఒక్కదాన్నుంచే పోతోంది?”

“మైకుకు బాబాయ్. పన్నెండు వోల్టులే కావాలి కదా అని.”

“రెండెడ్లను కాడికి కట్టి, రాత్రిళ్లు ఒక ఎద్దు చేతనే గానుగ తిప్పించారు. తెల్లారి రెండింటికీ ఒకే కొలత గడ్డి వేశారు. మరి ఏది బతుకుతాది?”

ఆయన విడమరచి చెప్పాక మాకు తెలిసింది. బండి నడుస్తున్నప్పుడు డైనమో రెండింటికీ కలిపి సుమారు 28 వోల్టులు ఇస్తుంది. రెండూ సమానంగా ఉంటే చెరి 14 పంచుకొంటాయి. ఒకటి ఖాళీగా ఉంటే తన వంతు వోల్టులు అందుకోలేదు, 13 దగ్గరే ఉండిపోతుంది. మిగిలిన 15 రెండోదాని మీద పడతాయి. అప్పటికే కడుపు నిండినదానికి మళ్లీ తినిపించినట్టు, ఆ ఎక్కువ చార్జికి దానిలోని నీళ్లు వాయువులై పోతాయి. ఖాళీది ఖాళీగానే ఉండి ప్లేట్లు గట్టిబడిపోతుంది. అందుకే నీళ్లు తరిగినదానిలో తప్పు లేదు. చడీచప్పుడు లేకుండా కూర్చున్నది ఎండిపోతోంది. దాన్ని ఎండబెట్టింది మేము వేసిన తీగ. మేము మొదట తీసిపారేసినది కూడా మంచి బ్యాటరీయే కావచ్చు.

రెండూ ఒకేసారి మార్చాలని, ఒకే కంపెనీవి, ఒకే సామర్థ్యంవి, వీలైతే ఒకే నెలలో తయారైనవి పెట్టాలని బాబాయ్ చెప్పారు. అప్పు చేసి రెండు కొన్నాం. ఈసారి మా చేతులతోనే మార్చుకొంటామన్నాం. ఆయన అరుగు మీద కూర్చుని చూస్తూ ఉన్నారు.

జీపును చదునుచోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళం తీసి, దీపాలన్నీ ఆర్పాం. ముట్టకముందే ఏ తీగ ఎక్కడుందో నోటుపుస్తకంలో బొమ్మ గీసుకొన్నాం. ప్లస్ తీగకు ఎర్రదారం, మైనస్ తీగకు నల్లదారం కట్టాం. గాజులు, ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టాం. పానాకు పిడి దగ్గర పాత సైకిలు ట్యూబు చుట్టాం.

ముందు బాడీకి కలిసిన ఎర్త్ కేబుల్ విప్పాలి. ఈ క్రమం ఎందుకో తెలిస్తే మరచిపోరు. బండి ఇనుమంతా మైనస్సే. ఎర్త్ ఉండగా ప్లస్ విప్పుతుంటే, పానా పొరపాటున బాడీకి తగిలితే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. చార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ అక్కడ నిలిచి ఉంటే పేలుతుంది, ముఖం మీద ఆమ్లం పడుతుంది. అందుకే దగ్గరలో బీడీ గాని, అగ్గిపుల్ల గాని ఉండకూడదు. ఎర్త్ విప్పాక రెండు బ్యాటరీలను కలిపే అడ్డతీగ, ఆ తరువాత సెల్ఫ్‌కు పోయే ప్లస్ విప్పాం. బిగించిన క్లాంపులు తీసి, ఒక్కొక్కదాన్ని ఇద్దరం పట్టుకొని, వంచకుండా నిటారుగా దించాం. కారిన ఆమ్లానికి అడుగు ట్రే తెల్లగా పొంగి ఉంది. వంటసోడా కలిపిన నీళ్లు పోసి, నురగ ఆగేదాకా కడిగి, ఆరబెట్టాం. కేబుల్ చివరలను గరుకుకాగితంతో మెరిసేదాకా రుద్దాం.

కొత్తవాటిని విడివిడిగా మీటరుతో చూసి, రెండూ సమానమని తెలిశాకే ఎక్కించాం. కలిపేటప్పుడు క్రమం తిరగబడుతుంది. ముందు ప్లస్, తరువాత అడ్డతీగ, చివరన ఎర్త్. అన్నీ బిగించాక టెర్మినల్స్ మీద వాజలైన్ పూసి, ఘాట్ కుదుపులకు కదలకుండా క్లాంపులు బిగించాం. ఒక హెచ్చరిక. రెండు బ్యాటరీలున్న బళ్లన్నీ మా జీపులాంటివి కావు. కొన్ని డీజిల్ బళ్లలో ప్లస్ ప్లస్సుకు, మైనస్ మైనస్సుకు కలిపి, బలం పెంచి 12 వోల్టులే ఉంచుతారు. కాబట్టి ముందున్నది చూసి బొమ్మ గీసుకోకుండా ఎవరూ తీగ విప్పవద్దు.

సెల్ఫ్ కొట్టాం. ఒక్క తిప్పుకే అందుకొంది. మామూలుగా అయితే చప్పట్లు కొట్టేవాళ్లం. ఆ రోజు మాలో ఎవరూ మాట్లాడలేదు.

పచ్చతీగను ముక్కలు చేశాం. ఆరునెలల వయసున్న మంచి బ్యాటరీని మైకుకు, దీపాలకు విడిగా కేటాయించి, ఇంటి దగ్గర చార్జి చేసుకొన్నాం. చెడిపోయినదాన్ని పగలగొట్టి సీసం తీసి వలలకు గుండ్లు పోసుకొంటామని ఒకరు అడిగారు. ఇవ్వలేదు. సీసం కరిగించిన పొగ, ఆ మట్టి పిల్లలకు విషం. దుకాణానికే తిరిగి ఇచ్చేశాం. పాత బ్యాటరీలను ఏం చేయాలో చెబుతూ 2001లో ప్రభుత్వం నియమాలు తెచ్చింది. 2022లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి.

కొన్ని వారాల తరువాత సంత రోజున ఆ భర్త మా ఇంటికి వచ్చాడు. చిన్న పసుపు మూట తెచ్చి గుమ్మంలో పెట్టి, “అమ్మా, ఆ రాత్రి మాకోసం చాలా కష్టపడ్డారు” అన్నాడు. మా పచ్చతీగ సంగతి అతనికి తెలియదు. కూర్చోబెట్టి చెప్పాం. అతను చాలాసేపు జీపు వైపు చూశాడు. తరువాత, “ఇప్పుడు బాగా పలుకుతోందా?” అని అడిగాడు. పలుకుతోందని చెప్పాం. “అయితే మంచిది. మా వెనకింట్లో ఇంకొకావిడకి నెలలు నిండుతున్నాయి” అన్నాడు.

ఆ పసుపును మేము వంటలో వాడుకోలేకపోయాం. పారవేయనూ లేకపోయాం. చాలాకాలం అల్మరాలో ఉంచుకొన్నాం.

ప్రియ చదువరులారా, ఆ జీపు ఇప్పుడు మా దగ్గర లేదు. ఇప్పటి బ్యాటరీలలో చాలావాటికి మూతలు ఉండవు, నీళ్లు పోసే పని లేదు. 24 వోల్టుల నుంచి 12 తీసి ఇచ్చే చిన్న పెట్టెలు దొరుకుతున్నాయి. అయినా నెలకొకసారి మీటరు పెట్టి రెండు బ్యాటరీలనూ విడివిడిగా చూసుకోండి. ఒకటి మాటిమాటికీ నీళ్లు అడుగుతుంటే, దాన్ని తిట్టకముందు పక్కనున్నదాన్ని చూడండి. సెల్ఫ్ ఒక్కసారి నీరసంగా మూలిగినా, తెల్లవారాక చూద్దామని పడుకోకండి. ఆ రాత్రే ఎవరైనా తలుపు కొట్టవచ్చు.