సేతుతీరమున మూడు దినములు

అష్టాదశవర్ణనములలో సముద్రవర్ణన మొకటి యని మా నాయనగారు ఇంటివద్ద పాఠము చెప్పిన నాడే నేర్చుకొంటిమి. ప్రబంధములలోని సముద్రముల నెన్నింటినో అప్పగించితిమి. కాని నిజమైన నీరనిన మాకు చిన్ననాటినుండియు భయమే. మా చెల్లెలు తొమ్మిదవ యేట మా యూరి కాలువరేవులో కాలుజాఱి మునిగిపోయినది. గట్టుమీద ఐదుగురము ఆడపిల్లల ముంటిమి. ఒక్కరికిని ఈత రాదు. కేకలు వేయుట తప్ప మఱేమియు చేయలేకపోతిమి. నాటినుండి మా పుట్టినింట ఆడపిల్లలను నీటిదరికి పోనీయలేదు. మేమును మా అమ్మాయిని అట్లే పెంచుచు వచ్చితిమి.

ఇట్టి మేము మొన్నటి సంక్రాంతి సెలవులలో రామేశ్వరద్వీపమునకు పోయితి మనిన, అది మా అత్తగారి మ్రొక్కు వలననే. మా వారు, అత్తగారు, పన్నెండేండ్ల అమ్మాయి, మేము, మొత్తము నలుగురము బయలుదేరితిమి.

మండపము స్టేషను దాటగానే రైలు సముద్రముమీదికి వచ్చెను. 1914లో తెఱచిన పాత వంతెనమీద 2022 డిసెంబరులో రైళ్లు నిలిచిపోయినవి. దాని ప్రక్కనే కట్టిన క్రొత్త వంతెన 2025 ఏప్రిల్ 6వ తేదీని ప్రారంభమైనది. రెండు కిలోమీటర్లకు పైబడిన యీ వంతెన నడుమ 72.5 మీటర్ల భాగము, ఓడలు వచ్చినపుడు నిలువుగా పైకి లేచును. మా వారు ఈ సంగతులన్నియు బడిపిల్లలకు చెప్పినట్లు చెప్పుచుండిరి. అమ్మాయి కిటికీ యొద్దనుండి కదలలేదు. ఊచలున్న కిటికీయే యైనను మేము దాని చేయి విడువలేదు.

మఱునాడు వేకువనే అగ్నితీర్థమునకు పోయితిమి. ఆలయమునకు తూర్పుననున్న సముద్రమునకే ఆ పేరు. అచ్చట కెరటములు లేవనియే చెప్పవచ్చును. మా యూరి కాలువకే అంతకన్న వడి యెక్కువ. అత్తగారు మూడుమార్లు మునిగి లేచిరి. మేము చెంబుతో నీళ్లు తలపై పోసికొని, అమ్మాయికిని అట్లే పోసితిమి. అది మొగము ముడుచుకొన్నది. పిమ్మట తడిబట్టలతోనే ఆలయములోని 22 తీర్థములకును తిరిగితిమి. చేదలతో తోడి తలపై గ్రుమ్మరించుచుందురు. స్తంభముల వరుసలతో సాగు ఆ పొడవైన మంటపములలో తడిపాదముల జాడలే త్రోవ చూపుచుండెను.

మధ్యాహ్నము ధనుష్కోటికి బయలుదేరితిమి. దారిలో కోదండరామాలయముచుట్టునున్న నిలువనీటిలో పక్షులు గుంపులుగా నిలిచియుండెను. ముక్కును పాదములును ఎఱ్ఱనై, మేను తెల్లనైన హంసలు రాజహంసలని అమరకోశమున చదివితిమి. ఈ పక్షుల కాళ్లు మేమూహించినదానికంటె మిక్కిలి పొడవైనవి. వీనినే ఇంగ్లీషువారు ఫ్లెమింగో లందురని మా వారనిరి.

2017లో తెఱచిన రోడ్డు ద్వీపపు చివరనున్న అరిచల్‌మునై వఱకు పోవును. ఎడమ చేతివైపు మహోదధి, కుడివైపు రత్నాకరము. మొదటిది కదలక మెదలక యుండును, రెండవది ఘోషించుచుండును. పల్లెకారులు మొదటిదానిని ఆడుకడలి యనియు, రెండవదానిని మగకడలి యనియు పిలుతురట. చివర రెండు నీళ్లును కలియుచోట సుళ్లు మిక్కుటము, స్నానము చేయరాదు.

ఒకప్పుడు ధనుష్కోటి పట్టణము. ఇచ్చటినుండి సింహళమునందలి తలైమన్నారుకు స్టీమర్లు నడిచెడివి. 1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి తుపాను వచ్చి ఆ పట్టణమును ముంచివేసినది; పాంబనునుండి వచ్చుచున్న ప్యాసింజరు రైలు ప్రయాణికులతోగూడ సముద్రము పాలైనది. నేడు చర్చి గోడలును, స్టేషను మొండిగోడలును ఇసుకలో నిలిచియున్నవి. వానిని చూచి మేము అమ్మాయిని మఱింత దగ్గఱకు తీసికొంటిమి. నీటిని నమ్మరాదని మేమనుకొనుచున్నదే నిజమని తోచినది.

మూడవనాడు పాంబను చేరువనున్న చిన్నపాలమునకు పోయితిమి. అచ్చటి స్త్రీలు చిన్నపడవలలో దీవులచెంతకు పోయి, నీట మునిగి నాచు కోసికొని వత్తురు. దానిని అరవమున 'పాసి' యందురు, మన పాచియే. దానినుండి అగార్ మొదలైన జిగురు పదార్థములు తీయుదురు. మేము పోవునప్పటికి ఒక పడవ ఒడ్డు చేరినది. చీరలమీద చొక్కాలు, కండ్లకు అద్దములు, వ్రేళ్లకు గుడ్డపేలికలు. అందొకామె మా అత్తగారి ఈడుదే.

అత్తగారి పుట్టిల్లు పుత్తూరు ప్రాంతము గనుక ఆమెకు అరవము వచ్చును. "ఏమమ్మా, నీకు భయము లేదా?" యని యడిగిరి.

ఆమె తడి జుట్టు పిండుకొనుచు నవ్వినది. "భయము లేదని యెవరనిరి? ఒంటరిగా ఏనాడును పోము. గాలి తిరిగిన దినమున పడవ తీయము. నెలకు పండ్రెండు దినములే పోదుము. పాసికి పెరుగుటకు వ్యవధి యీయవలెను గదా" యన్నది. ఈత యెవరు నేర్పిరని మా అమ్మాయి అడిగించినది. "మా అమ్మ నాకు నేర్పినది. నా మనుమరాలికి నేను నేర్పితిని."

ఈ చుట్టుపట్ల 21 దీవులను 1986లో జాతీయ సముద్రవనముగా ప్రకటించినందున, వీరు అచ్చటికి పోవుట విషయమై తగవులు వచ్చినవి. నాచును వేళ్లతో పెఱుకక, పగడపు దిబ్బలను చెఱుపక, చేతితోనే కోయవలెనని వీరే కట్టుబాటు చేసికొనిరి. ఈ స్త్రీల పక్షమున నిలిచిన లక్ష్మీమూర్తి యను చిన్నపాలపు ఆమెకు 2015లో సీకాలజీ యను సంస్థ బహుమాన మిచ్చినది.

బసకు వచ్చుదారిలో అమ్మాయి, "అమ్మా, నాకెవరు నేర్పుదురు?" అన్నది. మాకు మాట రాలేదు. నాడు గట్టుమీద నిలిచిన ఐదుగురు పిల్లలు కండ్లయెదుట మెదలిరి. చెల్లెలిని నీరు తీసికొన్నదనియే యింతకాలము అనుకొంటిమి. ఆ ఐదుగురిలో ఒక్కరికైన ఈత వచ్చియున్న నేమగునో యని ఒక్కనాడును ఆలోచింపలేదు. మా భయమునే అమ్మాయికి రక్షగా కట్టితిమి. సముద్రముతో బ్రతుకువారు గాలి, పోటు, తోడు ఎఱిగి కూతుండ్రను, మనుమరాండ్రను నీట దింపుచున్నారు. ఏ దినమున దిగరాదో అదియును వారే నేర్పుచున్నారు.

సాయంకాలము అత్తగారు ఏమియు అనకుండ మనుమరాలి చేయి పట్టుకొని అగ్నితీర్థములో నడుములోతు వఱకు పోయిరి. మేము గట్టున కొంతసేపు నిలిచి, పిదప మేమును దిగితిమి. మోకాళ్లు వణకుచునే యుండెను.

ఇప్పుడు మా పట్టణపు ఈతకొలనులో ఆదివారములందు ఒక ఉపాధ్యాయిని ఆడపిల్లలకు ఈత నేర్పుచున్నది. అమ్మాయి నెల దినములలో కొలను అడ్డముగా దాటుచున్నది. మేము ఇంకను అంచు పట్టుకొని కాళ్లు ఆడించుటయందే యున్నాము. సోదరీమణులారా, మీ యూళ్లలోను కాలువలు, చెఱువులు, బావులు ఉన్నవి గదా. ఆడపిల్లలకు వంట, కుట్టుపని నేర్పునట్లే, తెలిసినవారిచేత, పెద్దలు దగ్గఱనుండగా, ఈతయు నేర్పింపుడు. గట్టుమీద కేకలు వేయుచు నిలువవలసిన గతి వారికి రాకుండుగాక.