ఊరికీ ఉద్యోగానికీ మధ్య తిరిగే బ్యాగు

ఈమధ్య తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అక్కా, ఇంటినుంచి పని చెయ్యమన్నారు, ఏ ల్యాప్‌టాప్ కొనమంటావు?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తాదని కూర్చున్నాను. పొడుగు పోస్టే, ఓపిక చేసుకుని చదవండి.

ముందు నా సంగతి చెప్తాను. నాది పాడేరు ఏజెన్సీలో ఒక చిన్న ఊరు. విశాఖలో ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. నాన్న పోయాక కాఫీ తోట అమ్మ ఒక్కతే చూసుకుంటోంది. నవంబరు నుంచి జనవరి దాకా పళ్ళు ఏరడం, ఆరబెట్టడం, ఆ పని ఒక్క మనిషితో అయ్యేది కాదు. మా అక్కని రంపచోడవరం వైపు ఇచ్చాం, దానికి పురుడు వచ్చింది. నెలకోసారి ఆఫీసుకి విశాఖ వెళ్ళాలి. అందుకని ఏడాదిన్నరగా నాకు ఒక చోటంటూ లేదు. ఊరు, పాడేరులో అద్దె గది, విశాఖ హాస్టల్, అక్క ఇల్లు. బస్సు, జీపు, ఆటో, చివర్లో మూడు కిలోమీటర్లు కాలినడక. ఉద్యోగం మాత్రం ఆగలేదు.

ఆగకూడదని పట్టుదల ఎందుకంటే, ఇంతకుముందు ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్తే ఒకాయన నా అడ్రస్ చూసి, "ట్రైబల్ ఏరియానా, అక్కడ కరెంటు ఉంటుందా?" అని నవ్వాడు. ఉద్యోగం ఇవ్వలేదు. ఇప్పటి కంపెనీలో మేనేజర్ మేడమ్ మంచిదే కానీ షరతు ఒకటి పెట్టింది. నెలలో రెండుసార్లు మీటింగ్ మధ్యలో మాయమైతే ఆఫీసుకి వచ్చెయ్యాలి. వేరేవాళ్ళకి నెట్ పోతే "పాపం నెట్ పోయింది" అంటారు. మనకి పోతే "ఏజెన్సీవాళ్ళతో ఇంతే" అంటారు. నా వెనకాల అప్లై చేసే పిల్ల మీద కూడా ఆ మాట పడతాది. అందుకే సామాను విషయంలో నేను ఇంత లెక్క చూస్తాను.

యూట్యూబ్‌లో "ట్రావెల్ చేస్తూ పని చేసేవాళ్ళకి బెస్ట్ సామాను" అని వీడియోలు బోలెడు ఉన్నాయి. వాళ్ళు ఉండేది కెఫేలు, హోటల్ గదులు. వాళ్ళకి కరెంటూ నెట్టూ గోడలోనే ఉంటాయి, కాబట్టి పల్చటి ల్యాప్‌టాప్, అందమైన కీబోర్డు గురించి మాట్లాడతారు. మనం ల్యాప్‌టాప్ దగ్గర మొదలెట్టకూడదు. మీరు తిరిగే చోట్లన్నిటిలో అన్నిటికంటే కష్టమైన చోటు ఏదో చూసుకుని, అక్కడ ముందు ఏది తెగిపోద్దో దానికి డబ్బు పెట్టండి. నాకు ఆ చోటు మా ఊరే. అక్కడ ముందు తెగేది సిగ్నల్.

మా ఇంట్లో సిగ్నల్ గీత ఒకటి వస్తాది, పోతాది. ఇంటి వెనక మిట్ట మీద పనసచెట్టు దగ్గర మూడు గీతలు. మొదట్లో అందరూ చెట్టుకిందే కూర్చుని పని చేసుకోమన్నారు. ఎండ, చీమలు, స్క్రీన్ కనపడదు, వానొస్తే అంతే. కానీ సిగ్నల్ కావలసింది ఫోన్‌కి, నీడ కావలసింది నాకు. రెండూ ఒకేచోట ఉండక్కర్లేదు. ఫోన్‌ని గుడ్డసంచిలో పెట్టి, వెదురు కర్రకి కట్టి, ఎండ తగలకుండా చూరు కింద ఎత్తుగా నిలబెట్టాను. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో 5 గిగాహెర్ట్జ్ తీసేసి 2.4 పెట్టాను. 2.4 వేగం తక్కువే కానీ గోడలు దాటి దూరం పోతాది. మన పనికి ఆ వేగం చాలు. పొడుగు ఛార్జింగ్ కేబుల్ ఒకటి కర్ర వెంబడే వేశాను. ఉరుము వినపడితే మాత్రం ముందు ఫోన్ దించెయ్యాలి.

రెండో సిమ్ రెండో ఫోన్‌లో ఉండాలి. ఒకే ఫోన్‌లో రెండు సిమ్ములు వేస్తే, ఆ ఫోన్ వేడెక్కి ఆగిపోయినప్పుడు రెండూ పోతాయి. పాత ఫోన్ చాలు. కానీ కొనేముందు అది ఏ బ్యాండ్లు పట్టుకుంటుందో చూడండి. తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్ కొండల్లో దూరం వస్తాది. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీకి 700 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 28 వాడుతోంది. కొన్ని పాత ఫోన్లలో ఆ బ్యాండ్ ఉండదు. టవర్ ఎదురుగా ఉన్నా ఆ ఫోన్‌కి ఆ బ్యాండ్ కనపడదు. వేరే కంపెనీ సిమ్ములకీ అంతే, మీ ఊరి టవర్ ఏ బ్యాండ్ ఇస్తుందో కనుక్కునే ఫోన్ కొనండి.

ఇక కరెంటు. ఇక్కడ ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. కరెంటు పోతే మన ల్యాప్‌టాప్ ఒక్కటే కాదు, టవర్ కూడా బ్యాటరీ మీదకి పోతాది. నేను ఒక నెలంతా నోట్‌బుక్‌లో రాసుకున్నాను, కరెంటు ఎప్పుడు పోయింది, సిగ్నల్ ఎప్పుడు పోయింది అని. మా దగ్గర కరెంటు పోయిన రెండు గంటలకి, ఎక్కువలో ఎక్కువ మూడు గంటలకి సిగ్నల్ పోతోంది. అంటే నేను పది గంటలు వచ్చే పవర్ బ్యాంక్ మోసినా, మూడు గంటల తర్వాత మీటింగ్ ఉండదు. ఆ తర్వాత చేసుకోడానికి నెట్ అక్కర్లేని పని ముందే దింపి పెట్టుకుంటాను, టెస్ట్ కేసులు రాయడం లాంటివి. మీ ఊరి టవర్ లెక్క వేరే ఉంటాది. బ్యాటరీ మీద డబ్బు పెట్టేముందు ఒక నెల రాసి చూడండి.

పవర్ బ్యాంక్ మీద 20,000 ఎంఏహెచ్ అని పెద్దగా రాస్తారు. ఆ అంకెని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్. అందులో మూడో వంతు దాకా మార్పిడిలోనే పోతాది, చేతికొచ్చేది సుమారు 50. నా పనికి గంటకి పది పన్నెండు వాట్లు ఖర్చు, కాబట్టి నాలుగు గంటలు. ల్యాప్‌టాప్‌కి పనికిరావాలంటే అది సీ-టైప్ నుంచి కనీసం 45 వాట్లు, వీలైతే 65 ఇవ్వాలి. ఫోన్లకి చేసిన పవర్ బ్యాంకులు చాలావరకు ఇవ్వవు. మామూలు సీ కేబుల్ 60 వాట్ల దాకే మోస్తాది, అంతకు మించితే 5 యాంపుల కేబుల్ కావాలి. విమానం ఎక్కే పని పడితే 100 వాట్ అవర్ లోపు ఉండాలి, చేతిబ్యాగులోనే పెట్టాలి, కింద లగేజీలో వెయ్యకూడదు. కంపెనీవాళ్ళు నన్ను బెంగుళూరు పంపినప్పుడు నాది 74 కాబట్టి గొడవ లేకుండా పోయింది.

సాయంత్రం బల్బు ఎర్రగా వెలిగే ఊళ్ళు మనకి తెలుసు కదా. ఛార్జర్ వెనకాల 100–240 వోల్టులు అని ఉంటే తక్కువ వోల్టేజీకి భయపడక్కర్లేదు. చంపేది పిడుగు, కరెంటు తిరిగొచ్చేటప్పుడు కొట్టే దెబ్బ. కరెంటు పోగానే ప్లగ్ పీకెయ్యండి, వచ్చిన ఐదు నిమిషాలకి పెట్టండి. స్పైక్ గార్డ్ మంచిదే, పిడుగుకి మాత్రం అది అడ్డం కాదు.

ఇప్పుడు ల్యాప్‌టాప్. నాది సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్ టీ480. అందరూ ఇదే కొనండి అనట్లేదు, ఎందుకు ఇది అన్నది చెప్తాను. దీనిలో లోపల 24 వాట్ అవర్ బ్యాటరీ ఒకటి, వెనక ఊడదీసేది ఇంకొకటి. లోపలిది నడుస్తుండగానే వెనకది మార్చెయ్యొచ్చు, మిషన్ ఆపక్కర్లేదు. వెనకకి 72 వాట్ అవర్‌ది దొరుకుతాది, అది వేస్తే కొంచెం ఉబ్బుగా ఉండి బరువు పెరుగుతాది. రెండూ కలిసి నాకు ఏడెనిమిది గంటలు ఇస్తున్నాయి. సీ-టైప్‌తో ఛార్జ్ అవుద్ది కాబట్టి ఫోన్‌కీ దీనికీ ఒకటే 65 వాట్ల ఛార్జర్. ర్యామ్ మనమే మార్చుకోవచ్చు. విశాఖలో నాకు 22 వేలు పడింది, కొత్త బ్యాటరీకి వేరే.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో 8వ తరం నుంచే, కొద్ది మినహాయింపులు తప్ప. టీ480 చాలావరకు 8వ తరమే, కొనేముందు ప్రాసెసర్ చూసుకోండి. చూడ్డానికి దాదాపు అలాగే ఉండే టీ470 6, 7 తరాలది, షాపువాడు మూడు వేలు తక్కువకి అంటగట్టబోతాడు. కంపెనీ సెక్యూరిటీవాళ్ళు విండోస్ 10 మిషన్‌ని లోపలికి రానివ్వకపోతే ఆ మూడు వేల లాభం ఏమీ లేదు.

గేమింగ్ ల్యాప్‌టాప్ జోలికి పోకండి. రెండున్నర కిలోలు అది, ఇటుకంత ఛార్జర్ ఇంకో ముప్పావు కిలో. ఘాట్ రోడ్డులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు తెలుస్తాది. మడతపెట్టే సోలార్ ప్యానెల్ గురించి కూడా చాలామంది అడిగారు. మనకి కరెంటు ఎక్కువ పోయేది వానాకాలంలో, అప్పుడే దానికి ఎండ ఉండదు. నేను కొనలేదు.

మిగతావి చిన్నవే. మైకున్న వైరు ఇయర్‌ఫోన్స్ రెండు జతలు. బ్లూటూత్‌వి ఛార్జ్ అడుగుతాయి, పైగా పక్కింటి కోడి అరుపు కూడా మేడమ్‌కి వినిపిస్తాయి. ఒక మౌస్. వదులైన ప్లగ్గులకి ఒక చిన్న ఎక్స్‌టెన్షన్. బ్యాగుకి రెయిన్ కవర్ ఉన్నా లోపల ఎరువుల బస్తాలో ఉండే ప్లాస్టిక్ సంచి ఉతికి వాడతాను, గెడ్డ దాటేటప్పుడు దాని మీదే నమ్మకం. చలికాలం లంబసింగి వైపు ఉండేవాళ్ళు పొద్దున్నే చల్లటి బ్యాటరీని ఛార్జింగ్ పెట్టకండి, కాసేపు ఇంట్లో వెచ్చబడనివ్వండి. మొత్తం బ్యాగు మూడున్నర కిలోలు. అమ్మ ఒకసారి ఎత్తి చూసి, "దీనికంటే చోడి మూట నయం" అంది. కానీ ఆ సీజన్లో పొద్దున పది దాకా ఆమెతో పళ్ళు ఏరి, కాళ్ళు కడుక్కుని పదకొండింటికి మీటింగులో కూర్చున్నది ఆ బ్యాగు వల్లే.

డబ్బు తక్కువ ఉన్నవాళ్ళు కొనే వరస ఇది: ముందు రెండో ఫోన్, సిమ్. తర్వాత ల్యాప్‌టాప్ బ్యాటరీ. పవర్ బ్యాంక్ ఆ తర్వాత. మీ ఊరి టవర్ గంటకే పోతే పవర్ బ్యాంక్ అసలు అక్కర్లేకపోవచ్చు.

వచ్చే నెలంతా నేను అక్క వాళ్ళింట్లో ఉంటాను. మారేడుమిల్లి, రంపచోడవరం వైపు పిల్లలు ఎవరైనా కరెంటు పోయాక అక్కడ టవర్లు ఎంతసేపు నిలబడుతున్నాయో చూసి చెప్పండి. నా నోట్‌బుక్‌లో ఆ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.