మర్రిచెట్ల దారిలో ఓ బేరం

‘‘గంపెంత అవ్వా?’’
‘‘మూడొందలు బిడ్డా.’’
‘‘వందకిస్తావా?’’

ఓ ఆదివారం పొద్దున మొయినాబాద్ వెళ్తూ, మర్రిచెట్టు నీడలో సీతాఫలాలు పెట్టుకు కూర్చున్న అవ్వతో నేనాడిన బేరమిది. అవ్వ నా మొహంకేసి ఓసారి చూసి ‘‘గట్లడిగితె ఎట్ల బిడ్డా... కోసుకొచ్చిన కూలి గూడ రాదు’’ అంది. చివరికి రెండొందలకు తెగింది. ఏదో మ్యాచ్ గెలిచినట్టు కారెక్కాను. గంట తిరక్కుండా అవ్వ స్థానంలో నేను కూర్చోవాల్సి వస్తుందని అప్పుడు తెలీదు!

కారు వెనక సీట్లో ఓ పాత బిస్కెట్ల డబ్బా ఉంది. అది మా నాన్నది. అందులో క్రికెట్ మ్యాచుల టిక్కెట్ ముక్కలు, స్పోర్ట్‌స్టార్ పత్రిక మధ్య పేజీల్లో వచ్చిన పోస్టర్లు, అట్ట ఊడిన ఓ ఆటోగ్రాఫ్ పుస్తకం ఉన్నాయి. నాన్న పోయాక ఇల్లు అమ్మేశాం. నెలాఖరుకి ఖాళీ చేయాలి. ‘‘దాచుకునేవాళ్లకే ఇవ్వండ్రా, చిత్తుకాగితాల్లో వెయ్యకండి’’ అంది అమ్మ. మొయినాబాద్ దాటాక తోటలో ఉంటున్న ఓ పెద్దమనిషి ఇలాంటివి సేకరిస్తారని తెలిసి బయల్దేరాను.

ఊడల మధ్య నుంచి...

హైదరాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే దారిని చూసి తీరాల్సిందే. అప్పా జంక్షన్ దాటగానే నగరం వెనకబడుతుంది. రోడ్డుకు అటూ ఇటూ ముసలి మర్రిచెట్లు చేతులు చాపి పందిరి వేస్తాయి. మన్నెగూడ దాకా నలభై ఆరు కిలోమీటర్ల మేర ఇలాంటివి దాదాపు తొమ్మిది వందలున్నాయని లెక్కకట్టారు. రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు ఈ చెట్ల కోసం పర్యావరణ ప్రేమికులు హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. 2025 నవంబరులో ఇదే దారిలో మీర్జాగూడ దగ్గర బస్సునూ టిప్పరునూ కలిపిన ఘోర ప్రమాదం ఎన్నో ఇళ్లలో దీపాలార్పింది. చెట్టుకు వెల కట్టడమూ కష్టమే, ఇరుకు రోడ్డు మీద వెళ్లే మనిషి ప్రాణానికి వెల కట్టడమూ కష్టమే.

దారిలోనే చిలుకూరు మలుపు. వీసా బాలాజీగా పేరుపడ్డ వెంకటేశ్వరస్వామి గుడి అక్కడే. కోరిక చెప్పుకుని పదకొండు ప్రదక్షిణలు, అది తీరాక నూట ఎనిమిది. గుళ్లో హుండీ ఉండదు. పదకొండు బయానా, మిగతాది పని అయ్యాక అన్నమాట! రూపాయి ప్రసక్తి లేని ఒప్పందం ఈ చుట్టుపక్కల బహుశా ఇదొక్కటే. ఎందుకంటే చిలుకూరు దాటితే అంతా భూముల మాటే. జంట జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో ఎనభై నాలుగు గ్రామాల్లో ఏళ్ల తరబడి కట్టడాలకు కళ్లెం వేసింది. అయినా ఏ టీకొట్టు దగ్గర ఆగినా ‘ఎకరం ఎంత?’ అన్న ప్రశ్న చెవిన పడుతుంది.

‘‘అన్నీ కలిపి నాలుగు వేలు’’

పెద్దమనిషి ఆదరంగా కూర్చోబెట్టారు. చాయ్ ఇచ్చారు. డబ్బా తెరిచి ఒక్కోటీ మెల్లగా బల్లమీద పరిచారు. 1987 అక్టోబరు 10 నాటి టిక్కెట్ ముక్క... లాల్ బహదూర్ స్టేడియంలో న్యూజిలాండ్, జింబాబ్వేల ప్రపంచకప్ మ్యాచ్. నాన్న నన్ను తొలిసారి తీసుకెళ్లిన మ్యాచ్ అది. ఓటమి ఖాయమనుకున్న జట్టును హౌటన్ 142 పరుగులతో గెలుపు గుమ్మం దాకా లాక్కొచ్చాడు. జింబాబ్వే మూడంటే మూడే పరుగులతో ఓడింది. ఇంకోటి 1999 నవంబరు 8 నాటిది. అదే మైదానంలో సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153. ఇద్దరూ కలిసి 331 పరుగులు చేశారు. వన్డేల్లో ఆ భాగస్వామ్య రికార్డు 2015 దాకా నిలిచింది.

‘‘ఎంతనుకుంటున్నారు?’’ అడిగారాయన.

నాకు బేరం రాదు. ‘‘మీరే చెప్పండి. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయాలి’’ అనేశాను.

‘‘అన్నీ కలిపి నాలుగు వేలు.’’

చెంప ఛెళ్లుమన్నట్టయింది. పాతికవేలైనా వస్తాయనుకున్నాను మరి! నాన్న ముప్ఫయ్యేళ్లు దాచుకున్నవాటి ఖరీదు నాలుగు వేలా?

ఆయన మాత్రం నొచ్చుకోలేదు. ఓపిగ్గా లెక్క చెప్పారు. టిక్కెట్లు గేటు దగ్గర చింపిన ముక్కలు. చింపని టిక్కెట్టుకే గిరాకీ. 1999 టిక్కెట్టుకు లామినేషన్ చేయించారు, అది విప్పితే కాగితం మిగలదు. పోస్టర్లకు పిన్నుల రంధ్రాలు. ఆటోగ్రాఫ్‌లు అసలువేనని చెప్పే ఫొటో లేదు, ఉత్తరం లేదు. పైగా సంతకం పైన మీ నాన్నగారి పేరుంది... కొనేవాడికి తన పేరు కావాలిగానీ ఇంకొకరిది కాదుగా! ‘‘నేను కొన్నా మళ్లీ అమ్ముడయ్యేదాకా ఎన్నేళ్లు దాచాలో తెలీదండీ. ఆ రిస్కు కూడా నా లెక్కలో ఉంటుంది’’ అన్నారు.

ఆలోచిస్తే అబద్ధమేమీ కాదు. షేన్ వార్న్ టోపీ 2020లో పది లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటి పలికింది. ధోనీ 2011 ప్రపంచకప్ ఫైనల్లో ఆడిన బ్యాట్‌ను లండన్ వేలంలో లక్ష పౌండ్లకు కొన్నారు. నీరజ్ చోప్రా ఈటె 2021లో ప్రధానికొచ్చిన కానుకల వేలంలో కోటిన్నర పలికింది. పేపర్లో అవి చదివి మనింట్లోని కాగితం ముక్కకూ రెక్కలొస్తాయనుకుంటాం. అవన్నీ ఆటగాడి ఒంటి మీదో చేతిలోనో ఉన్న వస్తువులు. పైగా మూడూ మంచిపనుల కోసం నలుగురిలో పాడిన వేలాలు. చాయ్ బల్ల దగ్గర వేలం ఉండదు. ఇద్దరే ఉంటారు. అందులో ఎవరికి తొందరెక్కువో వాళ్లే తగ్గుతారు.

‘‘ఆలోచించుకుని వస్తా’’నని లేచాను.

‘‘మీ సరుకు ఆగుతదా?’’

ఇంటికెళ్లబుద్ధి కాలేదు. కారు చేవెళ్లవైపే పోనిచ్చాను. 2003 ఏప్రిల్‌లో రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలుపెట్టిన ఊరు ఇది. నగరానికి కూరగాయలు పంపే ఊరు కూడా. కూరగాయల బేరాలు సాగుతున్న చోట ఓ రైతు టమాటా బాక్సుల పక్కన నిలబడి ఉన్నాడు. వ్యాపారి ఓ బాక్సులో చెయ్యిపెట్టి, అడుగున నలిగిన కాయొకటి పైకి తీసి చూపించి ధర చెప్పాడు. నా టిక్కెట్టుకు పిన్ను రంధ్రం చూపించినట్టే! రైతు కాసేపు పెనుగులాడి తలూపాడు.

‘‘అంత తక్కువకెలా ఇచ్చారు?’’ ఉండబట్టలేక అడిగా.

‘‘ఇంకేం జెయ్యాలె సారూ? ఇది రేపటిదాక ఆగది. మల్ల ఇంటికి తీస్కపోతె ఆటో కిరాయి మీద పడ్తది’’ అన్నాడు. నా చేతిలోని డబ్బా చూసి ‘‘మీదేం సరుకు సారూ? ఆగుతదా?’’ అనడిగాడు.

ఆగుతుంది! ఇరవై ఐదేళ్లుగా ఆగే ఉంది. ఇల్లు ఖాళీ చేయాలిగానీ బిస్కెట్ల డబ్బా పెట్టుకోడానికి నా ఇంట్లో జానెడు చోటు లేకపోలేదు. లేని తొందరను నేనే నోటితో చెప్పి నా బేరం పాడుచేసుకున్నాను. టమాటాకు సాయంత్రం ఉంది. నాన్న డబ్బాకు లేదు.

టీ తాగుతూ డబ్బాలోవి విడదీశాను. టిక్కెట్లు, పోస్టర్లు ఓ పక్క. పుస్తకం ఓ పక్క. టిక్కెట్లూ పోస్టర్లకు పన్నెండు వేలు అడగాలి. తొమ్మిది కంటే దిగకూడదు. పుస్తకం అమ్మకానికి లేదు.

తిరిగెళ్లేసరికి పెద్దమనిషి నవ్వారు, వస్తానని తెలిసినట్టే. ఈసారి నేనే ముందు ధర చెప్పాను. ఆయన ఆరన్నారు. నేను మాట్లాడలేదు. ఆ మౌనం ఎంత బరువో! ఏడున్నర అన్నారు. చివరికి తొమ్మిదిన్నర వేల దగ్గర చేతులు కలిశాయి. లెక్కపెట్టి ఇచ్చాక, ‘‘పుస్తకం అమ్మనన్నారుగా... ఒక్కసారి ఆ జైసింహ పేజీ చూపిస్తారా?’’ అన్నారు.

తీసిచ్చాను. లాల్ బహదూర్ స్టేడియం ఇంకా ఫతే మైదాన్‌గా ఉన్న రోజుల్లో, మొయినుద్దౌలా గోల్డ్‌కప్ మ్యాచ్‌లో నాన్న తీసుకున్న సంతకం. పటౌడీ నవాబు కూడా ఎవరి సారథ్యంలో హైదరాబాద్‌కు ఆడాడో ఆ జైసింహ సంతకం. పెద్దాయన కళ్లజోడు తీసి చాలాసేపు చూశారు. ‘‘కాలరు పైకెత్తుకుని నడిచొచ్చేవాడండీ. నేను చుట్టుగోడెక్కి చూసేవాణ్ని’’ అన్నారు. ఆ పేజీ ధర గురించి ఇద్దరం మాట్లాడలేదు.

వెనక్కొచ్చేసరికి పొద్దువాలింది. పొద్దున ఆగిన మర్రిచెట్టు దగ్గర కారు ఆపాను. నాలుగు వేలన్నప్పుడు నా మొహం ఎలా మాడిందో, వందన్నప్పుడు ఆ అవ్వ మొహమూ అలాగే ఉందని గుర్తొచ్చింది. తగ్గించిన వంద చేతిలో పెట్టుకుని దిగాను. అవ్వ లేదు. ఊడల కింద నాలుగు సీతాఫలం ఆకులు మాత్రం పడి ఉన్నాయి.