కాయితంలో లేని ఒక్క మాట

మా అన్నకూ నాకూ కలిపి ఒకటే బోరు. నాయన పోయాక పెద్దమనుషులు కూర్చుని కాయితం రాశారు: రోజు విడిచి రోజు నీళ్ళు. అప్పుడందరికీ సరిగ్గానే ఉందనిపించింది.

మొన్న వేసవిలో సరిగ్గా నా వంతు రోజున ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మర్నాడు కరెంటొచ్చింది. ఆ రోజు నీళ్ళెవరివి? నా రోజు పోయింది కాబట్టి నావే అన్నాను. తేదీ ప్రకారం నావే అన్నాడు అన్న. కాయితం తీసి చూస్తే ఇద్దరిదీ రైటే! వేరుశనగ ఊడలు దిగే టైము, ఇద్దరికీ నీళ్ళు కావాలి. మాటా మాటా పెరిగింది. నెలన్నర మొహాలు చూసుకోలేదు.

మా అమ్మాయి ఎంటెక్‌లో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఒప్పందాల గురించి చదువుతోంది. వాటిని ప్రోటోకాల్ అంటారట. ఇదంతా విని, "నాన్నా, మహామహులకే ఇట్లా జరిగింది" అని ఒక సంగతి చెప్పింది.

1978లో నీధమ్, ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, అవతల ఉన్నది అసలు మనిషేనా అని తేల్చుకునే పద్ధతి ఒకటి రాశారు. అందులో అసలు ముక్క తాళం వేసిన మూడు ఉత్తరాలు. నేనొక రహస్య అంకె పంపుతా. నువ్వు దానికి నీ అంకె కలిపి తిప్పి పంపు. నీ అంకె నేను తిప్పి పంపుతా. అంతే.

17 ఏళ్ళ తర్వాత, 1995లో, గావిన్ లో అనే ఆయన అందులో లొసుగు పట్టుకున్నాడు. రామయ్య తెలియక ఒక దొంగతో మాట మొదలెట్టాడనుకోండి. దొంగ ఆ అంకెనే సోమయ్యకు పంపి, నేను రామయ్యను అంటాడు. సోమయ్య, రామయ్య ఒక్కడే తీయగల తాళం వేసి జవాబిస్తాడు. దొంగ దాన్ని తీయలేడు. తీసుకెళ్ళి రామయ్యకిస్తాడు. అది దొంగ జవాబే అనుకుని రామయ్య తాళం తీసి, సోమయ్య అంకెను దొంగ చేతిలో పెడతాడు!

మందేమిటంటే, రెండో ఉత్తరంలో జవాబిచ్చేవాడి పేరు రాయడం. ఒక్క పేరు.

1996లో ఆయనే ఈ పద్ధతిని టోనీ హోర్ తెచ్చిన సీఎస్‌పీ అనే లెక్కల భాషలో రాసి, ఎఫ్‌డీఆర్ అనే ప్రోగ్రాముకిచ్చాడు. మనం మంచిగా జరిగేదే ఊహిస్తాం. అది ఏ ఉత్తరం ఎప్పుడు ఎవరి చేతిలో పడినా ఏమవుతుందో వరసపెట్టి చూసింది, ఆ లొసుగును పట్టుకుంది. కానీ మనం అడిగినదాన్నే అది వెతుకుతుంది, అడగని దాని జోలికి పోదంది అమ్మాయి.

నాకు తల కొట్టేసినట్టయింది. అన్న మోసగాడు కాదు, నేనూ కాదు. కాయితం చెడ్డరోజు గురించి ఆలోచించలేదు, అంతే.

ఆ ఆదివారం నేనే అన్న ఇంటికి పోయాను. అమ్మాయి పెన్ను పట్టుకుని, "కరెంటు పోతే? మోటారు కాలితే? రిపేరు ఖర్చెవరిది?" అని అడుగుతూ పోయింది. వదిన టీ రెండుసార్లు పెట్టింది. మొదటి ప్రశ్నకు, పోయిన గంటలు మర్నాడు కలుపుకోవాలని రాసుకున్నాం. బోరు ఎండిపోతే ఏం చేయాలన్నది మాత్రం ఇద్దరం రాయలేకపోయాం. ఆ గీత ఖాళీగానే ఉంది.

పొత్తు బోరున్నోళ్ళు మీ కాయితం ఒకసారి తీసి చదవండి. సఖ్యంగా ఉన్నప్పుడే చదవండి.