మిలటరీ దిగిందట కదా!

2020 మార్చి నెలాఖర్లో అవనిగడ్డ నుంచి అమ్మ ఫోను. "అమ్మాయ్, మీ ఊళ్ళో మిలటరీ దిగిందట కదా! ఇంట్లో బియ్యం ఉన్నాయా?" ఆవిడ లెక్కలో మిలటరీ అంటే 1977 ఉప్పెన. ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాక హెలికాప్టర్లోంచి పడే పొట్లాలు.

దిగిన మాట నిజమే. కాకపోతే శాన్‌హోసే ఫుడ్ బ్యాంకు గోడౌన్‌లో, ఉల్లిపాయలు సంచులకెత్తుతూ. అన్నాళ్ళూ ఆ పని చేసిన వాలంటీర్లలో చాలామంది రిటైరైన పెద్దవాళ్ళు. కొవిడ్ భయంతో వాళ్ళు ఇల్లు కదలడం మానేశారు, సరుకు కోసం వచ్చే కార్ల వరస మాత్రం మైలు దాటింది. నేను ఒక శనివారం వెళ్ళాను. నా పక్కన యూనిఫాంలో ఉన్న కుర్రాడు మామూలు రోజుల్లో ఏసీలు బాగుచేస్తాడట. నెలకోసారి శనాదివారాలు డ్రిల్లు, ఏడాదికి రెండు వారాలు శిక్షణ, కబురొస్తే డ్యూటీ. సంచి మూతికి అతను వేసే ముడి నాకు చివరిదాకా పట్టుబడలేదు.

అతనిది కాలిఫోర్నియా నేషనల్ గార్డు. రాష్ట్రానికి సొంత సైన్యమేమిటని మనకు వింతగా ఉంటుంది. మన దగ్గర సైన్యమంటే ఢిల్లీది. ముఖ్యమంత్రి అడిగితే పంపిస్తారు. ఇక్కడ నేషనల్ గార్డును గవర్నరే పిలుస్తాడు. అవసరమైతే అధ్యక్షుడు తన కిందికి తీసుకుంటాడు. కాలిఫోర్నియా మిలటరీ డిపార్ట్‌మెంట్ కింద ఆర్మీ గార్డు, ఎయిర్ గార్డు, వాళ్ళకు తోడుగా స్టేట్ గార్డు ఉంటాయి. పదేళ్ళుగా మాఫెట్ ఫీల్డ్ అనే విమానాల స్థావరం పక్కనుంచే ఆఫీసుకు వెళ్తున్నా, అక్కడి హెలికాప్టర్లు ఎవరివో నాకు తెలీదు. ఎయిర్ గార్డు 129వ రెస్క్యూ వింగ్‌వట. ఆ మార్చిలోనే శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర సముద్రంలో ఆగిన గ్రాండ్ ప్రిన్సెస్ ఓడ మీదికి కొవిడ్ టెస్టు కిట్లు దించింది వాళ్ళే. మొదట పరీక్ష చేసిన 46 మందిలో 21 మందికి వైరస్ ఉందని తేలింది.

పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయి నిరసనలు మొదలయ్యాక అదే యూనిఫాం లాస్ ఏంజెలస్ వీధుల్లో తుపాకులతో నిలబడింది. టీవీలో ఆ మొహాల్లో ఉల్లిపాయల కుర్రాడి కోసం వెతికాను. కనబడకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. ఆకలికీ నిరసనకీ ఒకే బట్టల్లో మనుషుల్ని పంపడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆగస్టులో వాన లేని పిడుగులు. అడవులు అంటుకున్నాయి. మా తూర్పు కొండలూ కాలాయి. సెప్టెంబరు 9న పొద్దున పదింటికి ఆకాశం కాషాయంగా ఉంటే, లైట్లు వేసుకుని మీటింగుల్లో కూర్చున్నాం. దానికి నాలుగు రోజుల ముందు ఫ్రెస్నో పైన సియెర్రా కొండల్లో జరిగింది మాత్రం అమ్మకు పూసగుచ్చినట్టు చెప్పాను.

మామత్ పూల్ అనే రిజర్వాయరు దగ్గరికి లేబర్ డే సెలవులకు జనం పిల్లాజెల్లాతో, కుక్కలతో సహా వెళ్ళారు. క్రీక్ ఫైర్ అని పేరుపెట్టిన కార్చిచ్చు, ఉన్న ఒక్క దారినీ మూసేసింది. మూడు వైపులా మంటలు, నాలుగో వైపు నీళ్ళు. రాత్రిపూట, పొగలో, గార్డు హెలికాప్టర్లు రెండు, ఒక చినూక్, ఒక బ్లాక్ హాక్, పడవలు దించే ర్యాంపు దగ్గర వాలాయి. చీకట్లో చూసే కళ్ళద్దాలు పెట్టుకుని నడిపారు. ఫ్రెస్నోకి మూడేసి ట్రిప్పులు. చినూక్‌లో సుమారు 33 మందికి సీట్లుంటాయి. ఒక ట్రిప్పులో 102 మందిని ఎక్కించారు. మొత్తం 242 మంది బయటపడ్డారు.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. పొట్లాలు పడేసి వెళ్ళిపోయిన హెలికాప్టర్లే ఆవిడ చూసింది.

"ఆ పిల్లలకి జీతాలిస్తారా?"

"పిలిచినన్ని రోజులకి ఇస్తారమ్మా."

"మిగతా రోజులు?"

"ఏసీలు బాగుచేసుకుంటారు."